బరువు కింద ఉన్నవాడి మాట

జూన్ 3, సోమవారం

నా రాత బాగుండదు. అక్షరాలు వంకరగా వస్తాయి, తప్పులు కూడా ఉంటాయి. చదివేవాళ్లు మన్నించాలి. ఇది ఎవరూ చదవరని తెలుసు. అయినా ముందు చెప్పుకోవడం మర్యాద.

మా ఊరి బడిలో ఐదు వరకే చదివాను. అప్పుడు నా రాత గుండ్రంగా ఉండేది. ఇప్పుడు ఇది పక్షవాతం వచ్చి తగ్గిన చెయ్యి. కుడికాలూ అంతే, నాదే అయినా నా మాట వినదు.

ఈ డైరీ ఇచ్చింది పిచ్చుక. ఆ అమ్మాయి పేరు బ్యాడ్జీ మీద ఉంది కానీ నేను మనసులో పిచ్చుక అనే అనుకుంటాను. మనిషి అంత చిన్నది, ఒకచోట నిలవదు. ఈ హోములో అటెండర్. మమ్మల్ని మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి బాత్రూముకి, మళ్లీ మంచం మీదికి చేర్చడం ఆమె పని. రోజూ నాలుగు ముక్కలు రాయి తాతా, చేతికి ఎక్సర్‌సైజు అంది. ఏం రాయాలమ్మా అన్నాను. ఏం తిన్నావో రాయి, నన్ను తిట్టాలనిపిస్తే అదీ రాసుకో, నేను చూడనులే అంది.

జూన్ 4

పాలు తాగాను. తిట్టడానికి ఏమీ దొరకలేదు.

జూన్ 6, గురువారం

ఇక్కడికి మేమే వచ్చాం. ఎవరూ పంపలేదు. మా ఆవిడకు తుంటి విరిగింది, ఆ తర్వాత నాకు పక్షవాతం వచ్చింది. మా అమ్మాయి ఒక్కతే ఇద్దరినీ చూసింది. ఒకరోజు వాళ్లమ్మను చంకల కింద చేతులు పెట్టి ఎత్తబోయి, నడుం పట్టేసి అక్కడికక్కడే కూలబడింది. తల్లీ కూతురూ నేల మీద, నేను మంచం మీద. పక్కింటాయన వచ్చేదాకా ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకుంటూ ఉండిపోయాం. మర్నాడు మా ఆవిడే తేల్చేసింది. దాని నడుం కూడా మనమే విరగ్గొడితే రేపు దాన్నెవరు చూస్తారయ్యా, బట్టలు సర్దించు అంది.

ఇక్కడ మగవాళ్ల గదీ ఆడవాళ్ల గదీ ఎదురెదురుగా ఉంటాయి. మధ్యలో వరండా. పగలు భోజనాల హాల్లో ఒకే బల్ల దగ్గర ఆమె కుర్చీ, నా కుర్చీ. ఆమె మాట్లాడుతుంది, నేను వింటాను. పెళ్లయిన నాటి నుంచీ ఇదే ఏర్పాటు.

అమ్మాయి ఆదివారం ఆదివారం వస్తుంది. నడుం కాస్త నయమట. అదే చాలు.

జూన్ 8, శనివారం, పొద్దున

పిచ్చుకను పడేశాను.

నన్ను కుర్చీలోకి మార్చడానికి వచ్చింది. ఎప్పటిలాగే ముందు ముట్టుకోనా తాతా అని అడిగింది. రోజూ అడుగుతుంది. చక్రాల కుర్చీ మంచానికి ఏటవాలుగా పెట్టి బ్రేకులు వేసింది. నా నడుముకు బెల్టు కట్టింది. పాదాలు నేలకు ఆనించింది. కాస్త ముందుకు వంగు తాతా, నీ ముక్కు నీ కాలివేళ్లు దాటాలి, అప్పుడు లేవడం తేలిక అంది. వన్, టూ, త్రీ అంది.

త్రీ అనగానే నేను కొయ్యబారిపోయాను. ప్రతిసారీ ఇదే జరుగుతోంది. ఊపిరి బిగబట్టేస్తాను. పళ్లు గిట్టకరుస్తాను. ఆ అమ్మాయి బెల్టు పట్టుకుని ముందుకు ఊపబోయింది, నేను కదల్లేదు, ఆమె కాలు జారి నా మీద పడింది, ఇద్దరం కలిసి మంచం మీదికి ఒరిగాం.

నాకు సిగ్గుతో చచ్చినంత పనైంది. పిచ్చుక లేచి జుట్టు సర్దుకుని నవ్వింది. పోనీలే తాతా, మెత్తగానే పడ్డాం అంది. పక్క మంచం మీది పోస్టుమాస్టరు ఊరుకుంటాడా. ఈ పార్సిలు బరువెక్కువ, ఒక్క మనిషితో పంపడం మా రూల్సు ఒప్పుకోవమ్మా అన్నాడు.

ఆమెకు దెబ్బ తగల్లేదు. మణికట్టు మాత్రం రుద్దుకుంటూ వెళ్లింది. నేను చూశాను.

జూన్ 8, మధ్యాహ్నం

మేడమ్ వచ్చారు. హోము చూసుకునే ఆవిడ. కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నారు, నిలబడి మాట్లాడలేదు. మంచి మనిషి. అయినా చెప్పిన మాట చేదుగానే ఉంది.

ఒక మనిషి సాయంతో లేవగలిగితే కింద అంతస్తులో ఉండొచ్చట. ఇద్దరు మనుషులూ ఎత్తే మిషనూ కావలసివస్తే పై అంతస్తుకు మార్చాలట. నెలాఖరు శనివారం అందరినీ చూస్తారట. అప్పటిదాకా నన్ను మిషనుతోనే మారుస్తారు. ఇది శిక్ష కాదు తాతగారూ, మీరూ పడకూడదు, మా పిల్లలూ పడకూడదు అన్నారు. నేను తలూపాను.

పై అంతస్తులో భోజనం మంచం దగ్గరికే వస్తుంది. అక్కడి వాలు కుర్చీలు లిఫ్టులో పట్టవు. మరి మా ఆవిడ అని అడుగుదామనుకున్నాను. మేడమే అర్థం చేసుకుని, ఆదివారాలు ఆవిణ్ణి పైకి తీసుకొస్తాం లెండి అన్నారు.

వారానికి ఒకరోజు.

జూన్ 9, ఆదివారం

పై అంతస్తు సంగతి మా ఆవిడకు నేను చెప్పలేదు. ఎలాగో తెలిసిపోయింది. భోజనం దగ్గర ఒక్క మాట కూడా మాట్లాడలేదు. నాకు చాలా భయం వేసింది.

జూన్ 11, మంగళవారం

ఎత్తే మిషనును ఇక్కడ అందరూ ఏనుగు అంటారు. బూడిదరంగులో ఉంటుంది, ముందుకు తొండం ఉంటుంది. ఒంటి కిందికి ఒక ఉయ్యాల గుడ్డ జరిపి, దాని చెవులు తొండానికి తగిలిస్తారు. మీట నొక్కితే మనిషి గాల్లోకి లేస్తాడు.

ఈ రోజు లేచాను. ఒక పక్క పిచ్చుక, ఇంకో పక్క స్తంభం. స్తంభం కూడా అటెండరే, ఇక్కడ అందరూ అతన్ని అలాగే పిలుస్తారు. తాటిచెట్టంత మనిషి, మాటలు నాకన్నా తక్కువ. నా పంచె తొలగకుండా పిచ్చుక పైన దుప్పటి కప్పింది. నా కుడిపాదం వేలాడి మంచం కోడుకు తగులుతుందేమోనని తన అరచేతిలో పెట్టుకుంది. కుర్చీలో దించేదాకా వదల్లేదు.

పోస్టుమాస్టరు కింద నుంచి దణ్ణం పెట్టాడు. అంబారీ ఎక్కావు మహారాజా, మా పింఛను సంగతి కాస్త చూడు అన్నాడు. నేను కూడా నవ్వాను. పైనుంచి నవ్వడం అదే మొదటిసారి.

నేను బతుకంతా హమాలీ పని చేశాను. గోదాముల్లో బస్తాలు వీపు మీద మోసి లారీలకు ఎక్కించాను. ఎన్ని మోశానో దేవుడికే ఎరుక. ఏ బస్తానైనా ముట్టుకోనా అని అడిగానా? దాని కాలు ఎక్కడైనా తగులుతుందేమోనని అరచెయ్యి అడ్డం పెట్టానా? బస్తాకు కాలుండదనుకోండి. నాకు మాత్రం ఇక్కడ అన్నీ ఉన్నట్టే చూస్తున్నారు.

జూన్ 13, గురువారం

మా ఆవిడకు మాట తిరిగొచ్చింది. వచ్చీ రాగానే నా పరువు తీసింది.

పిచ్చుక హాల్లో ఆమెతో చెప్పింది, తాత బాగా వంగుతాడు, పాదాలు బాగా ఆనిస్తాడు, త్రీ అనేసరికి మాత్రం కర్రయిపోతాడు, నేనంటే భయమా ఏంటి అవ్వా అని. నేను పళ్లెంలోకి చూస్తూ కూర్చున్నాను. మా ఆవిడ నన్ను ఒకసారి ఎగాదిగా చూసింది. భయమూ కాదు, పాడూ కాదమ్మా, ఆయన నీకోసం మంచి బస్తాలా ఉందామని చూస్తున్నాడు అంది.

పిచ్చుకకు అర్థం కాలేదు. నాకు మాత్రం చెంప పగిలినట్టయింది. ఆమె చెప్పేదాకా నాకే తెలియదు.

మా ఆవిడ విప్పి చెప్పింది. పని నుంచి ఇంటికొచ్చిన ప్రతిరోజూ ఈయనది ఇదే పాట. బిగించి కట్టిన బస్తా బంగారం, వదులు బస్తా మనిషిని చంపుతుంది, వీపు మీద ఉండగా బస్తా కదిలిందంటే మోసేవాడి నడుం విరిగినట్టే అనేవాడు. వదులు బస్తా వస్తే దాన్ని కాలితో తన్ని మరీ తిట్టేవాడట. ఇప్పుడు తనే బస్తా అయ్యాడు కదా, నువ్వేమో ఇంత పిల్లవు, నీ నడుం విరక్కూడదని ఊపిరి కూడా తీసుకోవడం మానేశాడు. అయ్యో నా తండ్రీ అంటూ పకపకా నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది.

పిచ్చుక నవ్వలేదు. నా కుర్చీ పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. తాతా, నేను నిన్ను మోయడం లేదు, మాకు మోయొద్దనే నేర్పుతారు, లేచేది నువ్వే, నేను పక్కన ఉంటానంతే అంది.

జూన్ 14

రాత్రంతా అదే తలపు. లేచేది నేనేనట.

జూన్ 15, శనివారం

పిచ్చుక మధ్యాహ్నం తీరిక చేసుకుని వచ్చింది. బస్తా ఎత్తేటప్పుడు వన్, టూ, త్రీ ఎవరు అంటారు తాతా అని అడిగింది.

అలాంటిదేం ఉండదన్నాను. ఇద్దరు చెరో పక్కనా బస్తా పట్టుకుంటారు. మోసేవాడు వంగి వీపు ఇస్తాడు. బస్తా కుదురుకుందని వాడికి తోచినప్పుడు పద అంటాడు. అప్పుడే మిగతావాళ్లు వదలాలి. మేస్త్రీ అరిచినా, లారీవాడు హారన్ కొట్టినా ఎవరూ కదలరు. బరువు కింద ఉన్నవాడిదే మాట.

ఇంత పొడుగ్గా నేను ఈ మధ్య ఎవరితోనూ మాట్లాడలేదు. నాకే ఆశ్చర్యం వేసింది.

పిచ్చుక నా మోకాలి మీద వేలితో తట్టింది. మరి లేచేటప్పుడు నీ బరువు ఎవరి మీద ఉంటుంది అంది. నా కాళ్ల మీదే అన్నాను. అయితే మాట ఎవరిది అంది.

రేపట్నుంచి నేను లెక్కపెట్టను తాతా, నువ్వు పద అంటేనే కదులుతాను, మేడమ్‌ని అడిగి వచ్చాను, స్తంభం పక్కనే ఉంటాడు, భయం లేదు అంది.

జూన్ 17, సోమవారం

కుదరలేదు. మాట గొంతులోనే ఆగిపోయింది. నా ఒళ్లు కడిగి, నా పక్క మార్చి, నా పాదం చేతిలో పెట్టుకున్న పిల్ల. ఆమెకు నేను పద అని హుకుం వేయడమేమిటి? గోదాములో అయితే తోటివాళ్లు.

పిచ్చుక బెల్టు పట్టుకుని నిలబడింది, నిలబడే ఉంది. చివరికి ఏమైంది తాతా అంది. అన్నానమ్మా, మనసులో అన్నాను అని చెప్పాను. మనసులోది నాకు వినపడదు తాతా, నాకు ఉన్నవి ఈ రెండు చెవులే అంది.

మళ్లీ ఏనుగు వచ్చింది.

జూన్ 20, గురువారం

ఈ రోజు నన్ను వరండాలో నిలబెట్టేసింది. నిలబెట్టడమంటే కుర్చీలోనే. భోజనానికి తీసుకెళ్తూ సగం దారిలో ఆపి, తాతా, నువ్వు చెప్తేనే బండి కదులుతుంది అంది. గోడకు ఆనుకుని గోళ్లు చూసుకుంటోంది.

వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ నన్ను చూస్తున్నారు. తుడిచే ఆమె నా చక్రాల చుట్టూ తుడిచి వెళ్లింది. పోస్టుమాస్టరు తన కుర్చీ తనే తోసుకుంటూ నన్ను దాటిపోతూ, స్టాంపు తక్కువైందా అన్నాడు.

హాల్లోంచి మా ఆవిడ గొంతు. నోరు తెరవవయ్యా, అన్నం చల్లారిపోతోంది, పెళ్లిచూపుల్లో కూడా ఇంతే చేశావు, మీ అన్నయ్య మాట్లాడకపోతే నాకు ఇంకో సంబంధం కుదిరేది అని కేకేసింది. హాలంతా గొల్లుమంది.

పద అన్నాను.

బండి కదిలింది. అంతే. ఇంకేం కాలేదు. పిచ్చుక వెనక నుంచి, చూశావా, ఆకాశం ఏమన్నా ఊడిపడిందా అంది.

జూన్ 22, శనివారం, పొద్దున

లేచాను.

పాదాలు ఆనించాను. ముందుకు వంగాను. పిచ్చుక చెయ్యి బెల్టు మీద ఉంది, లాగడం లేదు. స్తంభం గోడ పక్కన ఉన్నాడు. ఆమె ఏమీ అనలేదు. గదిలో ఎవరూ ఏమీ అనలేదు. నా కాళ్ల కిందికి బరువు దిగడం నాకు తెలిసింది. వీపు మీదికి బస్తా కుదురుకున్నప్పుడు ఎలా తెలిసేదో అలాగే. ఎన్నాళ్లయిందో ఆ సంగతి తెలిసి.

పదమ్మా అన్నాను. గట్టిగా కాదు.

లేచాను. ఊపిరి ఆడుతూనే ఉంది. కుడిమోకాలు వణికింది, పిచ్చుక తన మోకాలు అడ్డం పెట్టింది. తిరిగి కుర్చీలో కూర్చున్నాను. కూర్చునేటప్పుడు కూడా చెయ్యి వెనక్కి పెట్టి కుర్చీ తగిలాకే కూర్చున్నాను, ఆమె నేర్పినట్టే.

పోస్టుమాస్టరు చప్పట్లు కొట్టాడు. ఏం జోకు వేయలేదు.

పిచ్చుక నా మొహం వైపు చూసి, తాతా, నువ్వు అసలు బరువే లేవు తెలుసా అంది. అబద్ధం కాదమ్మా అది, బరువు నేనే మోశాను కదా.

జూన్ 24, సోమవారం

రోజూ లేస్తున్నాను. ఏనుగు మూలన నిలబడి ఉంది. ఇంకెవరినైనా మోస్తుంది.

మా ఆవిడకు కూడా పద అనడం అలవాటైంది. పిచ్చుకకే కాదు, అందరికీ అంటోంది. మందులిచ్చే సిస్టర్‌కి కూడా.

జూన్ 25, మంగళవారం

పిచ్చుక వెళ్లిపోతోంది. పెద్దాసుపత్రిలో ఉద్యోగం వచ్చిందట. వాళ్ల అమ్మ ఉండేది ఆ ఊళ్లోనే. గురువారం వెళ్లాలట. శనివారం పరీక్ష అని ఆమెకు గుర్తుంది. చెప్తున్నప్పుడు నా మొహం చూడకుండా దుప్పటి మడతపెట్టింది, విప్పింది, మళ్లీ మడతపెట్టింది.

మంచిదమ్మా అన్నాను. నిజంగానే మంచిది.

జూన్ 27, గురువారం

వెళ్లింది. పొద్దున్నే వచ్చి ముట్టుకోనా తాతా అని అడిగి, నా తల మీద చెయ్యి పెట్టింది. పెద్దవాణ్ణి నేను కదా, నేను పెట్టాలి. నా చెయ్యి లేచేలోపే ఆమె చెయ్యి వచ్చేసింది.

స్తంభాన్ని పిలిచి నా ముందే అప్పజెప్పింది. తాత చెప్పేదాకా కదపొద్దు, ఎవరు తొందరపెట్టినా సరే అంది. స్తంభం తలూపాడు. మా ఆవిడ దగ్గర మాత్రం చాలాసేపు కూర్చుంది. వాళ్లు ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు.

థాంక్స్ చెప్పడం మరిచిపోయాను. మరిచిపోలేదు. అదీ మనసులోనే అన్నాను.

జూన్ 28

పాలు తాగలేదు.

జూన్ 29, శనివారం, మధ్యాహ్నం

మేడమ్ వచ్చారు. పక్కన డాక్టరు కూడా ఉన్నారు. స్తంభం కుర్చీ ఏటవాలుగా పెట్టి బ్రేకులు వేశాడు. బెల్టు కట్టేముందు నా వైపు చూశాడు, అడిగినట్టే చూశాడు. కట్టు బాబూ అన్నాను.

ఇంతలో గుమ్మం దగ్గర గొడవ. మా ఆవిడ. మగవాళ్ల గదిలోకి రాకూడదవ్వా అని ఎవరో అంటున్నారు. మొగుడు ఉన్న గదిలోకి పెళ్లానికి పాసు కావాలా అంటోంది. మేడమ్ రానివ్వమన్నారు. తోసుకొచ్చి నా కుర్చీ పక్కనే తన కుర్చీ పెట్టించుకుంది.

పాదాలు ఆనించాను. వంగాను. అందరూ చూస్తున్నారు. స్తంభం బెల్టు పట్టుకుని, పేరుకు తగ్గట్టే నిలబడ్డాడు. నేను అనలేదు. అతను కదల్లేదు. డాక్టరు వాచీ చూసుకున్నారు. మేడమ్ సాయం చేద్దామని, సరే, వన్, టూ అని మొదలుపెట్టారు.

నా పళ్లు బిగుసుకుంటున్నాయి.

స్తంభం నోరు తెరిచాడు. వద్దు మేడమ్, తాతగారు చెప్పాలి అన్నాడు.

మేడమ్ ఆగిపోయారు. గది అంతా ఆగిపోయింది. నాకోసం ఇంతమంది ఆగడం నేనెప్పుడూ చూడలేదు. ఎవరూ విసుక్కోలేదు. మా ఆవిడ కూడా నోరు మూసుకునే ఉంది. ఆమెకు అది ఎంత కష్టమో నాకు తెలుసు. ఊపిరి వదిలాను. బరువు మెల్లగా కాళ్లలోకి దిగింది.

పద అన్నాను. పద అని అరిచానట. వరండా దాకా వినిపించిందని పోస్టుమాస్టరు అంటున్నాడు.

నిలబడ్డాను. చాలాసేపు నిలబడ్డాను.

ఆ గదిలో ఇన్నాళ్లూ చూడనిది ఒకటి చూశాను. మా ఆవిడ పాపిట. జబ్బు పడ్డాక ఇద్దరం కుర్చీల్లోనే ఒక ఎత్తులో ఉన్నాం, మొహాలే చూసుకున్నాం. పైనుంచి చూస్తే పాపిట వెడల్పయింది, జుట్టు పల్చబడింది. మధ్యలో సన్నగా కుంకుమ. వణికే చేత్తో తనే పెట్టుకుంటుంది కాబోలు, కాస్త పక్కకు పోయింది. ఆమె తల పైకెత్తి నా వైపు చూసింది. కొత్త పెళ్లికూతురిలా చూసింది అని రాద్దామనుకున్నాను, కానీ వెంటనే, ఏంటలా గుడ్లప్పగించి చూస్తావు, కూర్చో, నా మెడ పట్టేస్తోంది అంది.

కూర్చున్నాను. కింద అంతస్తే అని మేడమ్ చెప్పారు. మా ఆవిడ మేడమ్‌కి కూడా పద అని చెప్పి, నన్ను భోజనానికి తీసుకెళ్లింది.

జూలై 1, సోమవారం

అమ్మా,

ఇది నీకు. ఈ పేజీ స్తంభం ఫోనులో ఫోటో తీసి నీకు పంపుతానన్నాడు. ముందు పేజీలు పంపవద్దన్నాను, వాటిలో నీకు నేను పెట్టిన పేరు ఉంది.

పద అన్నాను. లేచాను. కిందే ఉన్నాను.

మొన్న మనసులో అన్నది ఇప్పుడు పైకి అంటున్నాను. నీ మేలు మరిచిపోను తల్లీ.

నీ మణికట్టు ఎలా ఉందో రాయి. అక్కడి తాతలు నీ మాట వింటున్నారో లేదో రాయి. జవాబు తొందరగా రాయి. నిలబడి చదువుకుంటాను.